కిట్టూ, ఆ ఫైట్ సగానికి సగం తీసెయ్

చి. కిట్టుకి,
అమ్మ ఆశీస్సులు.

మీ ఫ్రెండ్స్‌తో కలిసి చేస్తున్న గూఢచారి ఫ్యాన్ ఫిల్మ్ కోసం నువ్వు పంపిన యానిమేటిక్, అదే ఆ కదిలే చిత్తు బొమ్మల వీడియో, చూశాను. ఒకసారి మామూలుగా, ఇంకోసారి సౌండ్ తీసేసి, తర్వాత ఒక్కో ఫ్రేమూ కదుపుకుంటూ. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. బాగుందన్న మాట ముందే చెప్పేస్తున్నా, ఇకమీద రాసేదంతా నీకు చిరాకు తెప్పించేదే కాబట్టి.

నీ ఏజెంట్ ఫైలు కొట్టేయడానికి వెళ్ళాడు. వరండాలో నలుగురు అడ్డం వచ్చారు. అక్కణ్ణుంచి గుద్దులే గుద్దులు, ఊపిరి తీసుకునే సందు లేదు. కొట్టడం బాగానే కొట్టాడు కానీ, అసలు అక్కడికి ఎందుకు వచ్చాడో కాసేపటికి నాకే గుర్తులేదు. మామూలు హీరో గెలవడానికి కొట్లాడతాడు. గూఢచారి బయటపడటానికి కొట్లాడతాడు. ఎవరి కంటా పడకుండా వెళ్ళి రావడం అతని పని. చెయ్యి లేపాల్సి వచ్చిందంటే ప్లాన్ అప్పటికే చెడిపోయిందన్నమాట. కాబట్టి అతను వేసే ప్రతి దెబ్బా తలుపు వైపు ఒక అడుగు జరగడానికే అయ్యుండాలి. పడిపోయినవాడి మీదికి మళ్ళీ వెళ్ళి కొట్టే మూడు షాట్లూ తీసెయ్. ఎంత కష్టపడి గీశావో నాకు తెలుసు. అయినా తీసెయ్.

వాటి బదులు ఫైట్ మొదలయ్యే ముందు ఒక సెకను ఆపు. 24 ఫ్రేములు. ఒళ్ళు కదలక్కర్లేదు, కళ్ళు చాలు: తలుపు, గోడకున్న స్విచ్చు, తుపాకీ ఉన్నవాడి చెయ్యి. ఏం చేయబోతున్నాడో ఆ మూడు చూపుల్లో మనకి అందేస్తుంది. ఆ తర్వాత నాలుగు దెబ్బలు పడినా చూసేవాడు వెంట నడుస్తాడు. అలాగే వరండా మొత్తం కనబడే వైడ్ షాట్ ఒకటి ముందే పెట్టు. తలుపు ఎటుందో తెలియకపోతే టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మధ్యలో కెమెరా, కొట్లాడుకునేవాళ్ళ మధ్య మనం ఊహించుకునే గీత దాటి అటువైపు వెళ్ళిపోయింది చూడు, కుడికి పరిగెత్తేవాడు ఉన్నట్టుండి ఎడమకి పరిగెడుతున్నాడు. వెనక్కి తిరిగి పారిపోతున్నాడేమో అనుకున్నాను.

ఇక ఆ మేడ మీంచి దూకడం. మా యానిమేషన్ స్టూడియోలో కొత్తగా చేరినవాళ్ళ షాట్లు నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు ముందు ఇదే చూస్తాను. మూడంతస్తుల మేడ మీంచి నేలకి రావడానికి నీవాడు 72 ఫ్రేములు తీసుకున్నాడు. అంటే మూడు సెకన్లు. మూడు సెకన్లలో మనిషి దాదాపు 44 మీటర్లు కిందికి వస్తాడు, దాదాపు పదమూడంతస్తుల ఎత్తు అది. అందుకే దూదిపింజలా తేలుతూ దిగినట్టుంది. మూడంతస్తులంటే పది మీటర్లు అనుకో, 34 ఫ్రేముల్లో అయిపోవాలి. ఆ 34నీ నాలుగు సమాన భాగాలు చెయ్. మొదటి భాగంలో అరవై సెంటీమీటర్లే దిగుతాడు. రెండో దాంట్లో దానికి మూడింతలు, మూడో దాంట్లో ఐదింతలు, ఆఖరిదాంట్లో ఏడింతలు. చివరి భాగంలో ఒక్కసారిగా నాలుగు మీటర్ల పైన వచ్చి పడతాడు. అడ్డంగా ముందుకు వెళ్ళే దూరం మాత్రం నాలుగు భాగాల్లోనూ ఒకటే. ఈ రెండూ కలిపితే వంపు దానంతట అదే వస్తుంది.

తప్పు నీ ఒక్కడిదే కాదులే, సాఫ్ట్‌వేర్‌దీ ఉంది. రెండు కీలు, అంటే కదలిక మొదలూ చివరా ఉండే బొమ్మలు, పెడితే మధ్య దారిని అదే నున్నగా చేసేస్తుంది, మొదట్లో నెమ్మది, చివర్లోనూ నెమ్మది. పడేవాడికి చివర్లో నెమ్మది ఎక్కడిది? కదలికని గీతలా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, నేలకి తగిలే కీ దగ్గర ఆ గీతని వంచే హ్యాండిల్ విరగ్గొట్టి గీతని ఏటవాలుగా దింపు. తగిలాక కాళ్ళు మడిచి నాలుగైదు ఫ్రేములు ఒంటిని ఇంకా కిందికి పోనీ. అంత ఎత్తు నుంచి దూకినవాడు నిటారుగా నిలబడడు, ఒక భుజం మీంచి అవతలి తుంటి మీదికి దొర్లుతాడు. సినిమా కదా అని సాగదీయాలనుంటే దూకేముందు పిట్టగోడ మీద ఎంతసేపైనా నిలబెట్టుకో. గాల్లోకి వచ్చాక మాత్రం వద్దు.

గుద్దు సంగతి. ఒక్కోదానికి పదేసి ఫ్రేములు, అన్నీ సమాన దూరంలో ఉన్నాయి. తోసినట్టుంది తప్ప కొట్టినట్టు లేదు. చెయ్యి వెనక్కి తీయడానికి ఆరు ఇవ్వు, ముందుకి రావడానికి రెండే. తగిలే బొమ్మ అసలు గీయకు. ముఖానికి ఇంకా జానెడు దూరంలో పిడికిలి ఉన్న బొమ్మ ఒకటి, వెంటనే తల పక్కకి వాలిపోయి పిడికిలి దాటేసిన బొమ్మ. మధ్యది కన్ను తనే పూరించుకుంటుంది. ఆ రెండో బొమ్మని మూడు ఫ్రేములు కదలకుండా పట్టుకో, దెబ్బ బరువు అక్కడ తెలుస్తుంది. ఇంకో మాట, చెయ్యి వెనక్కి తీసే ఆ ఆరు ఫ్రేములూ రౌడీలకే ఉంచు, నీ ఏజెంట్‌కి రెండు మూడు ఫ్రేములకి మించి వద్దు. ట్రైనింగ్ ఉన్నవాడెవడో, బలం మీద ఆధారపడేవాడెవడో డైలాగ్ లేకుండా తెలిసిపోతుంది. కెమెరా ఊపడం ఒక్క దెబ్బకి దాచుకో, అన్నిటికీ ఊపితే దేనికీ ఊపనట్టే.

ప్రతి కీ పోజునీ లోపలంతా నల్లగా నింపి చూడు. ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో ఆ నీడలోనే తెలియాలి. మెట్ల దగ్గర ఇద్దరూ కలిసి ఒక ముద్దలా ఉన్నారు. కెమెరాని కాస్త పక్కకి జరిపితే చాలు.

రిఫరెన్స్ కావాలంటే ఫోన్లో నువ్వే నటించి తీసుకో. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, ముందు 24కి సెట్ చేసుకో, లేకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. దూకడం మాత్రం నటించొద్దు. ఇది సలహా కాదు, అమ్మ మాట.

కార్ల ఛేజ్ నాకు అన్నిటికన్నా నచ్చింది. కాకపోతే ఆ కార్లకి బరువు లేదు, అట్టపెట్టెల్లా జారుతున్నాయి. బ్రేక్ వేస్తే ముక్కు కిందికి దిగాలి, ఒక్కసారి స్పీడు పెంచితే వెనక భాగం కుంగాలి, ఎడమకి తిరిగితే బాడీ కుడికి వాలాలి. చక్రాలు ముందు తిరిగి, బాడీ రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా అనుసరించాలి. ఇంత చేస్తే చాలు, పేలుళ్ళు అక్కర్లేదు.

సౌండ్ విషయానికి వస్తే, దెబ్బ చప్పుడు బొమ్మకన్నా ఒక ఫ్రేము వెనకపడినా ఎవరికీ పట్టదు, ముందు వస్తే మాత్రం చెవికి వెంటనే తగులుతుంది. రెండు చోట్ల ముందే వస్తోంది.

సగం తీసెయ్యమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నిమిషానికి 1440 ఫ్రేములు. నీ కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునీ రెండర్ చెయ్యడానికి, అంటే చివరి బొమ్మగా తయారుచెయ్యడానికి, ఐదు నిమిషాలు తీసుకున్నా, ఒక్క నిమిషం సినిమాకి 120 గంటలు, అంటే ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు. నేరుగా వీడియోగా కాకుండా విడివిడి బొమ్మలుగా రెండర్ పెట్టు, మధ్యలో కరెంటు పోయినా అయినంతవరకూ మిగులుతుంది.

ఫ్యాన్ ఫిల్మ్ కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ పాత్ర, ఆ పేరు, ఆ టైటిల్ మ్యూజిక్ వేరేవాళ్ళ సొత్తు. డబ్బు తీసుకోకపోతే ఏమీ కాదని మీ ఫ్రెండ్స్ అంటున్నారట, అది పూర్తిగా నిజం కాదు. ఉచితంగా చూపించినా హక్కులున్నవాళ్ళు తీసెయ్యమనొచ్చు. స్టార్ ట్రెక్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ సిరీస్ హక్కుదారులు ఒక ఫ్యాన్ ఫిల్మ్ మీద కేసు వేశాక, 2016లో అభిమానుల కోసం నియమాలే ప్రకటించారు. ఒక్కో కథ 15 నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలుగా తీసినా మొత్తం 30 నిమిషాలే. మీ ఏజెంట్ అసలు సినిమా హక్కుదారులు అలాంటి నియమాలేమైనా పెట్టారేమో ముందు వెతుకు. మ్యూజిక్ మాత్రం ఎలాగూ మార్చు, మీ గ్రూపులో కీబోర్డు వాయించే పిల్ల ఉందన్నావుగా, ఆ అమ్మాయిని అడుగు. నన్నడిగితే ఏజెంట్ పేరు, కోటు కూడా మార్చేసి మీ సొంత కథ చేసుకోవచ్చు, కానీ ఆ ఏజెంటంటే నీకెంత పిచ్చో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను కాబట్టి పట్టుబట్టను.

ముందు వరండా సీను కోసి పంపు, రంగులూ లైటింగూ తర్వాత. నేను చూసి చెప్పేదాకా ఫైనల్ రెండర్ పెట్టకు. రాత్రిళ్ళు రెండు దాకా కూర్చుంటున్నావని నాన్న చెప్పారు, దాని గురించి విడిగా మాట్లాడతాను.

ప్రేమతో,
అమ్మ