2024–25 వార్షిక నివేదిక: విత్తకుండా మొలిచే ఆకుకూరలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీ సంఘం గత సర్వసభ్య సమావేశ తీర్మానం మేరకు, మన చుట్టుపక్కల ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరల గురించి నమ్మదగిన సమాచారం అందించడాన్ని ఈ ఏడాది ప్రధాన కార్యక్రమంగా చేపట్టాం. పారిశుద్ధ్యం, వీధి దీపాల పనులు యథావిధిగా సాగాయి. జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. పెద్దలు రోజుకు 100 గ్రాముల ఆకుకూరలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుండగా, మన ఇళ్లలో తోటకూర, పాలకూర, గోంగూర దాటి వేరే ఆకు పొయ్యి ఎక్కడం అరుదైపోయింది.

వానలు పడ్డాక కాలనీలోని ఖాళీ స్థలాల్లో నడక కార్యక్రమం నిర్వహించాం. ఆనందపురం వైపు నుంచి రైతుబజారుకు ఆకుకూరలు తెచ్చే ఇద్దరు పెద్దమ్మలు, వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మన సభ్యులొకరు దారి చూపారు. పొన్నగంటి, చెంచలి, తుమ్మి, గలిజేరు, ముళ్ల తోటకూర, గంగవావిలి అన్నీ అక్కడే దొరికాయి. గంగవావిలి విషయంలో ఆ పెద్దమ్మలు నేర్పిన పరీక్ష ప్రతి ఇంటికీ తెలియాలి. కాడ విరిస్తే గంగవావిలిలో నీరులాంటి రసం ఊరుతుంది. అదే తీరున నేలపై పాకే నానుబాలు జాతి మొక్కల్లో తెల్లని పాలు వస్తాయి. పాలు వచ్చినదాన్ని వండకూడదు. ఎర్రని కండగల కాడ, దళసరి ఆకు, చిన్న పసుపు పువ్వు, ఈ మూడూ కలిస్తేనే కోయాలి.

గంగవావిలిలో ఇతర ఆకుకూరలకన్నా ఎక్కువగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా–3 కొవ్వు ఉంటుంది. పొన్నగంటిలో ఇనుము, కాల్షియం, బీటా కెరోటిన్ ఉన్నాయి. ఇక యాంటీ ఆక్సిడెంట్ల గురించి సభ్యులు ఎక్కువగా అడిగారు గనుక కొంత వివరంగా రాస్తున్నాం. ఆకుల్లోని విటమిన్ సి, ఇ, కెరోటినాయిడ్లు, ఫ్లావనాయిడ్లవంటి పాలీఫినాల్స్ శరీరంలో పుట్టి కణాలకు హాని చేసే ఫ్రీ రాడికల్స్‌ను నిలువరించగలవు; వీటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ప్రయోగశాలలో ఈ శక్తిని కొలిచే ఒక పద్ధతిలో డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణానికి ఆకు సారం కలిపి, అది ఎంత మేరకు పసుపుగా మారిందో చూస్తారు; ఎంత మారితే అంత శక్తి ఉన్నట్టు. అయితే గాజు గొట్టంలో వచ్చిన ఫలితం ఒంట్లోనూ అంతే ఉంటుందని చెప్పలేం. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీ ఆక్సిడెంట్ శక్తిని ఇలా కొలిచిన విలువల పట్టికను 2012లో ఉపసంహరించుకున్నది కూడా ఈ కారణంగానే. కనుక ఏ ఆకునూ జబ్బు నయం చేసే మందుగా ప్రచారం చేయవద్దని కార్యవర్గం సభ్యులను గట్టిగా కోరుతోంది. ఇవి ఆహారంగానే ఎంతో విలువైనవి.

ఆ విలువ వంటలో నిలవాలి. విటమిన్ సి నీటిలో కరిగి, వేడికి నశిస్తుంది గనుక తరగకముందే కడగాలి. పొయ్యి దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే అది తగ్గుతుంది. కెరోటిన్ అందాలంటే పోపులో కాస్త నూనె ఉండాలి. గంగవావిలి, తోటకూర జాతుల్లో ఆక్సలేట్లు (మూత్రపిండాల్లో రాళ్లకు దోహదపడే లవణాలు) ఎక్కువ. ఉడికించి నీరు వార్చితే కొంత పోతాయి గాని, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుణ్ణి అడిగే తినాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కోసే చోటు. మనది పరిశ్రమల నగరం. పొన్నగంటి తడి ఉన్నచోటల్లా, మురుగు కాలువ గట్లమీద కూడా ఏపుగా పెరుగుతుంది; అలాంటి నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను ఆకు పీల్చుకుంటుంది, ఎంత ఉడికించినా అవి పోవు. అందుచేత రహదారులు, కాలువలు, కర్మాగారాల పక్కన కోయవద్దు. కంబాలకొండ వంటి అభయారణ్యంలో ఏదీ కోయరాదు.

కార్తీక వనభోజనాల్లో మహిళా సభ్యులు పొన్నగంటి పప్పు, చెంచలి వేపుడు, ఉసిరి పచ్చడి వండి అందరికీ వడ్డించారు. పిల్లలు మళ్లీ అడిగి తిన్నారని చెప్పడానికి సంతోషిస్తున్నాం.

రాబోయే ఏడాది సంఘ భవనం వెనుక స్థలంలో మంచి మట్టి పోయించి, ఈ ఆకుకూరల మళ్లు వేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. నీళ్లు పెట్టే బాధ్యతను వంతులవారీగా తీసుకోదలచినవారు ఈ సమావేశంలోనే కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి,
విశాఖపట్నం