చిన్న తరగతుల హోంవర్క్ చేస్తున్నది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

హోంవర్క్ ఉండాలా, వద్దా అన్న చర్చలో ఒకరు క్రమశిక్షణ అంటారు, మరొకరు ఒత్తిడి అంటారు. బడికి వెళ్లే ఇద్దరు పిల్లల తల్లిగా నాకు అంతకంటే ముందు తేలాల్సిన విషయం ఒకటి కనిపిస్తోంది. ఇచ్చిన పనిని ఆ వయసు పిల్లలు పెద్దల సాయం లేకుండా చేసుకోగలరా?

మూడో తరగతి పాపను సౌరకుటుంబం మోడల్ చేసుకుని రమ్మంటారు. థర్మోకోల్ కోసేది నాన్న, రంగులు వేసేది అమ్మ. రాత్రి పది దాటాక శనిగ్రహానికి వలయం అతికించే వేళకు పాప పక్కనే నిద్రపోయి ఉంటుంది. మర్నాడు క్లాసులో చప్పట్లు అందుకునే మోడల్‌లో పాప చెయ్యి పడింది ఎంత? తల్లిదండ్రులు రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లాడు, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్ల ఖాళీ చేతులతో వెళ్లి నిలబడాలి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పెద్ద తరగతుల్లోనూ ఈ తేడా ఉంది. చాలా దేశాల్లో పిల్లల చదువును పోల్చి చూసే పీసా పరీక్షలు 2012లో రాసిన 15 ఏళ్ల పిల్లల్లో కలిగిన కుటుంబాల వాళ్లు పేద కుటుంబాల వాళ్లకంటే సగటున వారానికి గంటన్నరకు పైగా ఎక్కువసేపు హోంవర్క్ చేస్తున్నారని తేలింది.

అలాగని హోంవర్క్ మొత్తం ఎత్తేయమని నేను అడగడం లేదు. అమెరికాలో హోంవర్క్‌పై పరిశోధన చేసిన హారిస్ కూపర్ బృందం 1987 నుంచి 2003 వరకు అక్కడ జరిగిన పరిశోధనలను పరిశీలించి 2006లో చెప్పినదాని ప్రకారం, ఏడో తరగతి నుంచి పైకి హోంవర్క్‌కూ మార్కులకూ గట్టి సంబంధం కనిపిస్తుంది. చిన్న తరగతుల్లో అది బాగా తక్కువ. లెక్కలు సాధన చేస్తేనే వస్తాయి, అది నిజం. కానీ తప్పు పద్ధతిలో ఇరవై లెక్కలు చేసుకెళ్తే, టీచర్ చూసి దిద్దకుండా టిక్కు పెట్టేస్తే, ఆ తప్పే చేతికి అలవాటవుతుంది. దిద్దే తీరిక లేనప్పుడు ఇరవై ఇవ్వడం దేనికి? నాలుగు ఇచ్చి నాలుగూ చూడవచ్చు.

ఫ్రాన్స్ 1956లోనే ప్రాథమిక బడుల్లో రాసే హోంవర్క్‌ను నిషేధించింది. అయినా అక్కడ అది పూర్తిగా ఆగలేదు. చైనా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాతపని వద్దంది, మూడు నుంచి ఆరు వరకు రోజుకు గంట మించకూడదంది. ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన మాట వేరే ఉంది: తల్లిదండ్రులకు పని అప్పగించకూడదు, హోంవర్క్ దిద్దమని వాళ్లను అడగకూడదు.

ఈ ఒక్క నియమమైనా ప్రతి బడీ పెట్టుకోవాలి. మోడళ్లు, చార్టులు క్లాసులోనే, అందరికీ ఒకే సామాను ఇచ్చి చేయించాలి. ఏ సబ్జెక్టు టీచర్ ఎంత ఇస్తున్నారో మిగతావాళ్లకు తెలిసేలా స్టాఫ్‌రూమ్‌లో ఒక పట్టిక ఉంచితే, అన్నీ ఒకే సాయంత్రం వచ్చి మీద పడవు. తల్లిదండ్రులం మనం కూడా పిల్లల బదులు రాయడం మానేసి, "పాపకు ఇది రాలేదు" అని నోట్‌బుక్‌లో రాసి పంపాలి. అప్పుడు ఏ పాఠం మళ్లీ చెప్పాలో టీచర్‌కు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు