ఇంటర్నెట్ ఫోన్ నుంచి 112 కొడితే ఎక్కడ మోగుతోంది? టెలికాం మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఆఫీసులకి, షోరూములకి, చిన్న చిన్న హాస్పిటళ్లకి ఐపీ ఫోన్లు (ఇంటర్నెట్ మీద నడిచేవి), ఈపీఏబీఎక్స్‌లు (ఆఫీసు లోపలి ఫోన్లని కలిపే చిన్న ఎక్స్‌ఛేంజీలు) బిగించే పనిలో ఉన్నానండి. ఏ సంఘం తరఫునా రాయట్లేదు, మా పనిలో రోజూ కళ్ల ముందు కనపడే ఒక లొసుగు గురించి రాస్తున్నా, దాన్ని సరిచేయగలిగేది మీ శాఖే కాబట్టి.

అడిగేది ఒకటే. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ నంబర్ ఏ కంపెనీ అమ్మినా సరే, కస్టమరు ఎమర్జెన్సీ నంబర్ 112 కొడితే ఆ కాల్ కస్టమరు ఆ క్షణంలో ఉన్న చోటి కంట్రోల్ రూంకి వెళ్లాలి, అడ్రసుతో సహా వెళ్లాలి, ఇది కంపెనీ దయ మీద ఉండకూడదు, లైసెన్సు షరతు కావాలి.

2017 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ టెలిఫోనీ (ఇంటర్నెట్ మీదుగా ఫోన్ కాల్స్) మీద సిఫార్సులు ఇచ్చింది. అందులో ఎమర్జెన్సీ కాల్స్ దగ్గరికి వచ్చేసరికి, లొకేషన్ సర్వీసులు వాడి ఈ సౌకర్యం ఇచ్చేలా కంపెనీలని ప్రోత్సహించండి, కానీ ప్రస్తుతానికి తప్పనిసరి చేయొద్దు, పరిమితులేంటో మాత్రం కస్టమర్లకి స్పష్టంగా చెప్పించండి అంది. 2018లో మీ శాఖ పచ్చజెండా ఊపింది, అదే ఏడాది బీఎస్ఎన్ఎల్ వింగ్స్ కూడా వచ్చింది, సిమ్ లేకుండా యాప్‌లోనే నంబర్. ట్రాయ్ అప్పుడు అలా అనడంలో తప్పు పట్టను. ఎందుకంటే 2017లో 112 వ్యవస్థే ఇంకా మొదలవలేదు, హిమాచల్‌లో 2018 నవంబరులో మొదలైంది, మిగతా రాష్ట్రాలకి ఆ తర్వాత వచ్చింది. అవతల ఎత్తేవాడు లేనప్పుడు కాల్ పంపమని కంపెనీని ఎలా బలవంతపెడతాం. కానీ ఇప్పుడు ఎత్తేవాళ్లు ఉన్నారు కదండీ. మరి ఆ వెసులుబాటు ఇంకా దేనికి?

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, పాత ల్యాండ్‌లైన్‌కి తీగ ఏ గోడ దగ్గర ఆగిందో ఎక్స్‌ఛేంజీకి తెలుసు, మొబైల్ ఏ టవర్ కింద ఉందో నెట్‌వర్క్‌కి తెలుసు, పైగా ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ మామూలు డయలర్ నుంచి ఎమర్జెన్సీ నంబర్ కొడితే, అందుకు వ్యవస్థ ఉన్న చోట్ల ఫోనే తన లొకేషన్ పంపుతుంది. ఇంటర్నెట్ ఫోన్‌కి ఇవేమీ లేవు. అది ఉత్త లాగిన్. యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే హైదరాబాద్ నంబర్ శ్రీకాకుళంలో మోగుతుంది, రేపు బెంగళూరు హోటల్ గదిలో ల్యాప్‌టాప్‌లో మోగుతుంది, సర్వర్‌కి తేడా తెలీదు, తెలిసినా ఒక ఐపీ అడ్రసు తెలుస్తుంది, ఐపీ అడ్రసుతో అంబులెన్సు ఏ వీధికి పోవాలి?

మన తెలుగోళ్లకి ఇంకో తిరకాసు కూడా ఉంది. రాష్ట్రం రెండుగా విడిపోయి ఇన్నేళ్లైనా టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే సర్కిల్ (అంటే కంపెనీలకి లైసెన్సు ఇచ్చే ప్రాంతం), 112 కంట్రోల్ రూములు మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. కాబట్టి సర్కిల్ చూసి కాల్ పంపితే సరిపోదు, మనిషి ఎక్కడున్నాడో చూడాల్సిందే.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2021లో మీ శాఖే ఓఎస్‌పీ రూల్స్ (కాల్ సెంటర్లు, బీపీఓల లాంటి వాటికి పెట్టినవి) సడలించింది, కంపెనీలు ఒకే చోట ఈపీఏబీఎక్స్ పెట్టుకుని బ్రాంచీలన్నిటికీ దాని నుంచే ఫోన్లు ఇచ్చుకోవచ్చు, ఇంటి నుంచి పని చేసేవాళ్లకి కూడా. మంచి నిర్ణయమే, మా వ్యాపారానికీ మంచిదే. ఇప్పుడు సర్వరు, లైన్లు హైదరాబాదులో ఉంటాయి, వైజాగ్ బ్రాంచిలో టేబుల్ మీద ఫోన్ మాత్రమే ఉంటుంది. అర్ధరాత్రి అక్కడి వాచ్‌మన్ ఆ ఫోన్ నుంచి 112 కొట్టాడనుకోండి, కాల్ బయటికి పోయేది హైదరాబాద్ లైను మీద, అవతల తెరమీద పడేది హైదరాబాద్ అడ్రసు, ఇతను గాజువాక గాజువాక అని అరవాలి, వాళ్లు ఇదెక్కడి గొడవరా అనుకుని అటు పక్క రాష్ట్రానికి కలపాలి. అప్పటికి మంట ఆగుతుందా?

ఇంకా విచిత్రం, కాల్ అసలు బయటికే పోకపోవచ్చు. చిన్న ఆఫీసుల్లో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా 101 నుంచి వరసగా ఇస్తాం. 101 రిసెప్షను, 108 స్టోర్సు, 112 అకౌంట్స్. అంటే ఆ బిల్డింగులో గుండె పట్టుకుని ఎవరైనా 112 కొడితే అకౌంట్స్ టేబుల్ మీద ఫోన్ మోగుతుంది, రాత్రిపూట అయితే అదీ ఎవరూ ఎత్తరు. బయట లైనుకి ముందు 0 కొట్టాలని స్టాఫుకి తెలుసు, కంగారులో ఉన్నవాడికీ కొత్తగా వచ్చినవాడికీ గుర్తుండదు. నేను బిగించే చోట 100, 101, 108, 112 ఎక్స్‌టెన్షన్లుగా ఇవ్వను, 201 నుంచి మొదలుపెడతా, 112 నేరుగా బయటికి పోయేలా రాసి ఇస్తా. కానీ అది నా ఇష్టం. రేపు ఇంకొకడొచ్చి మార్చేస్తే అడిగేవాడు లేడు.

అమెరికాలో ఇదే తంటా వచ్చింది. 2013లో టెక్సాస్‌లో ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911 మళ్లీ మళ్లీ కొట్టింది, బయట లైనుకి ముందు ఇంకో 9 కొట్టాలని ఆ పిల్లకేం తెలుసు, కాల్ పోలేదు, తల్లి చనిపోయింది. 2018లో ఆ తల్లి పేరుతోనే కారీ చట్టం తెచ్చారు, ఆఫీసు, హోటల్ ఫోన్లలో 911 నేరుగా పోవాలి, కొట్టగానే ఫ్రంట్ డెస్కుకి కూడా తెలియాలి. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీల సంగతి అయితే వాళ్లు 2005లోనే తేల్చేశారు, మామూలు నంబర్లకి కాల్ చేసి అందుకోగలిగే సర్వీసు ఏదైనా 911 ఇవ్వాల్సిందే, కస్టమరు అడ్రసు తీసుకోవాల్సిందే అని 120 రోజులు గడువు పెట్టారు.

రూలు రాస్తే సరిపోదని చెప్పే కేసు కూడా ఉంది, దీన్ని మీ ఆఫీసర్లు తప్పకుండా చదవాలి. 2008లో కెనడాలోని కాల్గరీలో ఒక పసిబిడ్డకి ఒంట్లో బాగోక ఇంట్లోవాళ్లు ఇంటర్నెట్ ఫోన్ నుంచి 911 చేశారు. అక్కడ అప్పటికే రూలు ఉంది, కాల్ పోయింది, మనిషి పలికాడు. అంబులెన్సు మాత్రం వేల కిలోమీటర్ల అవతల మిస్సిసాగాలోని పాత అడ్రసుకి వెళ్లింది, రికార్డులో అదే ఉంది. బిడ్డ దక్కలేదు. కాబట్టి కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆధార్‌లో ఉన్న అడ్రసు ఎక్కించేసి చేతులు దులుపుకుంటే కుదరదు. కొత్త నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయినప్పుడల్లా ఇప్పుడు ఎక్కడున్నారు అని యాప్ అడగాలి, ఫోన్‌లో జీపీఎస్ ఉంటే ఎమర్జెన్సీ కాల్ అప్పుడు అదే పంపాలి, ఆ కాల్‌కి మాత్రమే పంపాలి, మిగతా టైములో దాన్ని ముట్టుకోకూడదు. సిమ్ ఉన్న ఫోన్‌లో యాప్ నుంచి 112 కొడితే ఇంకా తేలిక, ఆ కాల్‌ని ఫోన్ సొంత డయలర్‌కి అప్పగించేస్తే చాలు, దానికి కోట్లు ఖర్చవదు.

వాట్సాప్ లాంటి వాటిని ఇందులోకి లాగమని నేను అడగట్లేదు, అవి ఎమర్జెన్సీ సర్వీసులు ఇవ్వవని వాళ్ల షరతుల్లోనే రాసుకున్నారు, ఆ చర్చ వేరు. నంబర్ ఇచ్చి నెలనెలా బిల్లు తీసుకునేవాళ్ల గురించే నా మాట. నకిలీ కాల్స్ పెరుగుతాయని పోలీసుల భయం, అది ఉత్త భయం కాదు, కానీ మనదేశంలో ఈ నంబర్లు కేవైసీ లేకుండా ఇవ్వకూడదు కదా, కాల్ ఎవరి పేరు మీదుందో దొరుకుతుంది. 112 మాది కాదు హోంశాఖది అని కూడా మీ ఫైల్లో ఎవరో ఒకరు రాస్తారు. నిజమే, కానీ ఆ కాల్‌ని వాళ్ల గుమ్మం దాకా తెచ్చే కంపెనీకి లైసెన్సు ఇచ్చేది మీరు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్‌ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేది, ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినపడేది. ఇప్పుడు ఇళ్లలో ఫైబర్, కరెంటు పోగానే గోడ మీద డబ్బాలో లైట్లన్నీ ఆరిపోతాయి, ఫోనూ చచ్చిపోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి పాత ఫోనే అనుకుని అమ్మేస్తున్నారు. ఫోన్ పక్కనే తెలుగులో ఒక స్టిక్కర్ అంటించండి, కరెంటు లేకపోతే ఇది పనిచేయదు అని, బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి. షరతుల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి కస్టమరుకి చెప్పేశాం అనడం ట్రాయ్ అడిగిన స్పష్టత కాదు.

2023 టెలికాం చట్టం వచ్చింది, పాత లైసెన్సుల స్థానంలో కొత్త షరతులు రాసుకునే అవకాశం మీకు దాని వల్లే వచ్చింది, ఇది అందులో పడితే సరిపోతుంది, కొత్త చట్టమేం అక్కర్లేదు.

చివరగా మా బిగించేవాళ్ల తరఫున ఒక చిన్న కోరిక. కనెక్షన్ పెట్టాక 112 పనిచేస్తోందో లేదో చూడాలంటే 112 కే కొట్టాలి, అవతల నిజంగా ఆపదలో ఉన్నవాళ్ల లైను మేం ఆపినట్టవుతుంది, అందుకే చాలామంది అసలు చూడకుండానే వచ్చేస్తారు. అమెరికాలో చాలా ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు 933 అని ఒక టెస్ట్ నంబర్ ఇస్తాయి, దానికి కొడితే ఈ ఫోన్‌కి రికార్డులో ఉన్న అడ్రసు మిషను చదివి వినిపిస్తుంది. మనకీ అలాంటి నంబర్ ఒకటి కేటాయించండి, బిల్లు మీద సంతకం పెట్టించుకునే ముందు కస్టమరు చేతే కొట్టించి తన అడ్రసు తన చెవితో వినిపిస్తాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఫోన్ టెక్నీషియన్