ముడుచుకున్నంత మాత్రాన చచ్చినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇళ్లలో సముద్రపు అక్వేరియం పెట్టుకోవడం గురించి ఒక పేజీ వేశారు. ఫొటోలు బాగున్నాయి. రాసినవారు నాలుగు చోట్ల తిరిగి సమాచారం పోగుచేసినట్టే ఉన్నారు, కాదనను. కానీ సీ అనిమోన్ అనే సముద్ర జీవి గురించి రాసిన రెండు వాక్యాల దగ్గర నా కాఫీ చల్లారిపోయింది. అనిమోన్ ముడుచుకుపోయి నోరు తెరిస్తే చచ్చినట్టే, వెంటనే తీసి పారేయమన్నది ఒకటి. రోగమని అనుమానం వస్తే షాపుల్లో దొరికే నీలం మందు రెండు మూతలు పొయ్యమన్నది రెండోది. ఈ మేలో నేను ఆ రెండింట్లో ఏది చేసినా, ఇప్పుడు మా హాల్లో తొట్టె పక్కన కూర్చుని ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నేను 30 ఏళ్లు ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. బ్యూరెట్లు కడగడం, పిల్లలు విరగ్గొట్టిన పిపెట్లకి లెక్క రాయడం నా పని. రిటైరయ్యాక మా అబ్బాయి పట్టుబట్టి నాలుగడుగుల తొట్టె పెట్టించాడు. రాళ్లు పోను 220 లీటర్ల నీళ్లు పడతాయి. మొదటి ఏడాది అనిమోన్ జోలికి పోలేదు. కొత్త తొట్టెలో నీళ్లు నిలకడగా ఉండవు, అది తట్టుకోలేదు. మీ పేజీలో రెండో వారంలోనే వేసుకోవచ్చన్నట్టు రాశారు, సరే, దానితో ఇప్పుడు తగువు పెట్టుకోను. ఏడాది దాటాక గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన తన బబుల్ టిప్ అనిమోన్ రెండుగా చీలిందంటే, అందులో ఒకటి ఆక్సిజన్ కొట్టిన కవరులో, థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సులో ఒళ్లో మోసుకొచ్చాను. మంగళగిరి దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడల్లా మూత తీసి చూసుకున్నాను. పక్క సీటావిడ ఐస్‌క్రీమా అని అడిగింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇది పువ్వులా ఉంటుంది గానీ జంతువు. దాని ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురముంటుంది. వెలుతురు పడితే ఆ నాచు వండిపెడుతుంది, ఇది తింటుంది. గోధుమ రంగు ఆ నాచుదే. మా దానికి నోటి చుట్టూ ఉండే వేళ్ల చివర చిన్న చిన్న బుడగలు, లేత గులాబీ కొసలు. క్లౌన్ ఫిష్ జంట అందులోనే పడుకుంటాయి.

మేలో అమ్మాయి రెండో కాన్పుకని హైదరాబాదు వెళ్లి పది రోజులుండి వచ్చాను. చెప్పులు విప్పకుండానే తొట్టె దగ్గరకి వెళ్లాను. పళ్లెమంత ఉండేది నిమ్మకాయంత అయింది. వేళ్లన్నీ వడిలిన కాకరపాదు తీగల్లా అంటుకుపోయాయి. మధ్యలో నోరు, మామూలుగా బిగించి కట్టిన సంచి మూతిలా ఉండాల్సింది, వదులుగా తెరుచుకుని లోపలి తెల్లటి పొర బయటికి వస్తోంది. పక్కన గోధుమ రంగు జిగురు దారాలు వేలాడుతున్నాయి. అయితే పాదం మాత్రం రాయిని వదల్లేదు. అది చూశాకే చెప్పులు విప్పాను.

అనిమోన్ అప్పుడప్పుడు ముడుచుకుని లోపలి చెత్త బయటికి కక్కడం మామూలే. కొన్ని గంటల్లో మళ్లీ విచ్చుకుంటుంది. రోజంతా చూశాను, విచ్చుకోలేదు. మర్నాడు ఒక చేపల షాపుకి వెళ్లి చెబితే, కుర్రాడు నా మాట పూర్తికాకుండానే నీలం సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. “రెండు మూతలు పొయ్యండి మేడం, రేపటికి లేస్తుంది.” సీసా వెలుతురుకి పెట్టి చూశాను. ఆ నీలం నాకు కొత్త కాదు. మా నాన్నగారు పొన్నూరు దగ్గర తమలపాకు తోటలో తెగుళ్లకి చల్లే బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు తొట్టిలో కనిపించేది ఆ రంగే. మైలుతుత్తం. లేబులు మీద చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది, కాపర్ సల్ఫేట్ అని. చేపల ఒంటిమీద తెల్ల చుక్కల రోగానికి, అదీ వేరే తొట్టెలో, కొలిచి వాడితే రాగి పనికొస్తుంది. వెన్నెముక లేని జీవాలకి అది విషం. చెరువుల్లో నత్తల్ని చంపడానికి వాడే మందు అది. ఒకసారి తొట్టెలో పడితే రాళ్లల్లో, ఇసుకలో ఇంకి, తర్వాత ఎన్నాళ్లో కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ కుర్రాడికి తెలియదు. మీ విలేకరికీ తెలియదు. కానీ అచ్చులో పడ్డ మాట కౌంటరు దగ్గర అన్న మాట కంటే ఎక్కువ మంది ఇళ్లకి వెళుతుంది, అందుకే ఈ ఉత్తరం.

సీసా అక్కడే వదిలేసి వచ్చి, ఉన్న కిట్లన్నీ తీసి కూర్చున్నాను. అమ్మోనియా సున్నా. నైట్రేటు 10. వేడి 27 మీద అర. రోహిణీ కార్తె కదా, నీళ్ల మీదికి గాలి కొట్టేలా రెండు ఫ్యాన్లు బిగించి ఉన్నాయి, అవి ఆడుతూనే ఉన్నాయి. ఉప్పు కొలిచే ప్లాస్టిక్ హైడ్రోమీటర్లో ముల్లు 1.025 దగ్గర నిలబడింది, అంటే ఉండాల్సిన చోటే. లైటు మార్చలేదు. ఆల్కలినిటీ, అంటే నీళ్లకి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, 9.6, కాల్షియం 480. మామూలుగా మా తొట్టెలో ఇవి 8.4, 420 ఉంటాయి. కాస్త పెరిగాయి, పెరిగితే మంచిదేగా అనుకుని పుస్తకంలో రాసి మూసేశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంతలో రాయి వెనక ఏదో పచ్చగా మెరిసింది. పట్టకారుతో తీస్తే ఐదు రూపాయల బిళ్ల. సంక్రాంతికి మనవణ్ని తెనాలి తీసుకెళుతూ కృష్ణా బ్రిడ్జి మీద రైల్లోంచి బిళ్ల వేయించి, దణ్ణం పెట్టుకోరా అన్నాను. వాడు ఇంటికొచ్చి ఈ నీళ్లకీ వేశాడన్నమాట. మా వారు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు, దొంగ దొరికాడని. ఆ పచ్చ బిళ్లలో రాగి పాలే ఎక్కువ, కాబట్టి నాకూ గుండె జారింది. కానీ అద్దం మీద నత్తలు ఎప్పటిలాగే పాకుతున్నాయి. శుభ్రం చేసే చారల రొయ్య చెయ్యి పెడితే వచ్చి గోళ్లు గోకుతోంది. రాగి దిగి ఉంటే ముందు పోవాల్సింది అవి. పైగా బిళ్ల జనవరి నుంచీ అక్కడే ఉంటే, మే దాకా పువ్వు పళ్లెంలా ఎలా విచ్చుకుంది? మనవణ్ని నిర్దోషిగా వదిలేశాను. బిళ్ల మాత్రం తీసేశాననుకోండి.

మూడో రోజు మా తమ్ముడు పని మీద బెజవాడ వచ్చి భోజనానికి ఆగాడు. వాడికి కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. జేబులో పెన్ను లేకపోయినా ఉంటాడు గానీ నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ లేకుండా ఉండడు. తొట్టె ముందు నిలబడి, “సెలినిటీ ఎంతక్కా?” అన్నాడు. లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉంటుందిలేరా, ముల్లు బాగానే చూపిస్తోంది అన్నాను. వాడు ముందు ఉప్పు తీసేసిన ఆర్వో నీళ్ల చుక్క వేసి గీత సున్నాకి సరిపెట్టుకున్నాడు. తుడిచి, తొట్టె నీళ్లు రెండు చుక్కలు వేసి, బాల్కనీ వైపు తిరిగి కన్ను పెట్టాడు. ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు. చూశాను. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత సరిగ్గా 40 మీద ఉంది.

“అక్కా, మా చెరువులో పది కూడా ఉండదు. దీనికి నువ్వు ఆవకాయ పెట్టావా?”

హైడ్రోమీటర్ తీసి చూస్తే, ముల్లు ఇరుసు దగ్గర ఉప్పు పక్కు కట్టి ఉంది. ఆ బరువుకి ముల్లు పైకి లేవడం మానేసింది. రాత్రంతా వెనిగర్లో నానబెట్టి కడిగాక అదే నీళ్లలో అదే ముల్లు కొలబద్ద చివరిదాకా లేచింది. ముప్పై ఏళ్లు పిల్లలకి ‘ముందు పరికరం చూసుకోండి, తర్వాత ద్రవం’ అని చెప్పినదాన్ని. ఆల్కలినిటీ, కాల్షియం అంకెలు మళ్లీ తీశాను. 8.4 కి 9.6 ఎంతో, 420 కి 480 కూడా అంతే, ఏడింట ఒక వంతు ఎక్కువ. 35 కి 40 కూడా అంతే. అన్నీ ఒకే పాళ్లలో పెరిగాయంటే నీళ్లు మొత్తంగా చిక్కబడ్డాయనేగా అర్థం. అంకెలు నోరు విప్పి చెబుతుంటే పుస్తకం మూసింది నేనే.

ఎలా చిక్కబడ్డాయో కనుక్కోవడానికి అట్టే సేపు పట్టలేదు. బాల్కనీలో రెండు డ్రమ్ములుంటాయి. ఒకదాంట్లో ఆర్వో నీళ్లు, రెండోదాంట్లో నీళ్లు మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్లు. ఫ్యాన్ల గాలికి రోజుకి మూడు లీటర్ల దాకా ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. అందుకని తగ్గినదాన్ని ఆర్వో నీళ్లతోనే పూడ్చాలి. నేను ఊరెళుతూ మా వారికి అద్దం మీద నల్ల మార్కరు గీత చూపించి, “రోజూ ఇక్కడిదాకా నీళ్లు పొయ్యండి” అన్నాను. ఏ నీళ్లో చెప్పలేదు. ఆయన ఉప్పునీళ్లు పోశారు. అడిగితే, “సముద్రపు జీవానికి చప్పటి నీళ్లు పోస్తే చావదూ?” అన్నారు. ఆయన తర్కంలో తప్పేముంది? పది రోజులు, ముప్పై లీటర్లు, లీటరుకి 35 గ్రాముల చొప్పున కిలో పైన ఉప్పు.

దించడం కూడా తొందరపడకూడదు. ఒక్కరోజులో మంచినీళ్లు గుమ్మరిస్తే ఆ దెబ్బకే పోతుంది. ఆవిరైనదానికి ఆర్వో నీళ్లు పోస్తూ, అది కాక రోజుకి ఐదు లీటర్ల తొట్టె నీళ్లు తీసి ఐదు లీటర్ల ఆర్వో నీళ్లు, సన్నటి గొట్టంతో గంటసేపు వదిలాను. రోజుకి ఇంచుమించు ఒక పాయింటు తగ్గింది. ఆరు రోజులకి 35 కి వచ్చింది. ఈలోపు క్లౌన్ ఫిష్‌లు దాని మీద పడి రాయకుండా కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట బోర్లించాను. పాదం వదిలి కొట్టుకుపోతే పంపులో పడి ముక్కలవుతుందని పంపు మూతికి స్పాంజి కట్టాను. తిండి పెట్టలేదు. నోరు వదులుగా ఉన్నప్పుడు పెడితే కక్కేస్తుంది, కక్కింది కుళ్లి నీళ్లు పాడవుతాయి. తొమ్మిదో రోజు పొద్దున నోరు మూసుకుంది. రెండో వారం దాటాక వేలు ఆనిస్తే జిగురుగా అంటుకుంది, అప్పుడు కందిగింజంత రొయ్య ముక్క ఇచ్చాను. చాలాసేపు ఆలోచించి మింగింది. ఇప్పుడు గుప్పెడంత ఉంది. రంగు పాలిపోయింది, లోపలి నాచు సగం పోయినట్టుంది. అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

మీ పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా అనిమోన్ ముడుచుకుని ఉంటే, పారేసే ముందు పాదం పట్టుకుని ఉందో లేదో చూడమనండి. గ్లవుజు వేసుకుని వేలితో తాకమనండి. చచ్చినదైతే చేతిలో కరిగిపోతుంది, వాసన పక్కింటిదాకా వెళుతుంది. అప్పుడు మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు, తొట్టె మొత్తం పోతుంది. తెల్లగా పాలిపోయింది కూడా చచ్చినది కాదు, ఆకలితో ఉన్నది. స్కాట్లండులో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో ఒడ్డున పట్టిన ఒక అనిమోన్ ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా గాజు పాత్రలో బతికింది. దాన్ని చూసిన ఇళ్లల్లో ఒక్కరికైనా మీ సలహా పాటించాలనిపించి ఉంటే అన్నేళ్లు ఉండేది కాదు.

ఇంకొక్కటి, మీ ఫొటోలో ఉన్న కొమ్ముల పగడం సంగతి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఆ ఫొటో చూసి ఎవరైనా కొనడానికి బయలుదేరితే బాధ్యత ఎవరిది? క్లౌన్ ఫిష్ అయితే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు హేచరీలో పిల్లలు తీయించే పద్ధతి ఎప్పుడో కనిపెట్టారు. హేచరీ పిల్లలే కావాలని షాపులో అడగమని రాసి ఉంటే బాగుండేది.

సవరణ వేయడానికి చోటు తక్కువైతే నా కథంతా కత్తిరించండి, ఫరవాలేదు. మనవడి బిళ్ల, తమ్ముడి ఆవకాయ తీసేయండి. మైలుతుత్తం గురించిన మాట మాత్రం ఉంచండి, అది కూడా లోపలి పేజీలో మూలన కాకుండా, ఆదివారం అనుబంధంలో ఆ పేజీలోనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంటు,
సత్యనారాయణపురం, విజయవాడ