స్పీకర్‌లో కుందేలు కేకలు ఆపండి

సంపాదకులకు నమస్కారం. అమెరికాలో కొయోట్‌ని (మన నక్కకి చుట్టమే లెండి) రప్పించడానికి వేటగాళ్లు దెబ్బతిన్న కుందేలు అరుపు వినిపిస్తారు, అది చాలాసార్లు తిన్నగా రాకుండా గాలివాటు చూసుకుని చుట్టుతిరిగి, వాసన పట్టుకుంటూ వస్తుంది. ఆ వీడియోలు చూసి మా ఉద్దానం జీడితోటల్లోనూ కొందరు కుర్రాళ్లు ఫోటోల కోసం బ్లూటూత్ స్పీకర్ పెడుతున్నారు.

మొన్న సాయంత్రం ఎండు జీడాకుల మధ్య 10 గజాల్లో నక్క ఉంటే, చెవి కదిలేదాకా నా కంటికి ఆననే లేదు. పాలిచ్చే తల్లిలా ఉంది. ఆ కేకకి పిల్లల్ని వదిలేసి పరిగెత్తుకొస్తే? ఫోటోయే కావాలంటే తెల్లారగట్ల గాలి మొహానికి తగిలేలా కదలకుండా కూర్చోండి బాబూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్కని వేటాడటం నేరమని అటవీశాఖ తోటల దగ్గర ఒక బోర్డైనా పెట్టాలి.

ఒక జీడిరైతు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా