విద్యాశాఖ మంత్రి గారికి: మా సెంటర్‌కి రెండో టీచర్ని ఇవ్వండి

మంత్రి గారూ, నమస్కారం.

నేను ఒక మండలంలో భవిత సెంటర్ టీచర్ని, అంటే వైకల్యాలున్న పిల్లలకు చదువు, రోజువారీ పనులు నేర్పే ప్రభుత్వ కేంద్రంలో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ట్రైనింగ్ అయి 2006లో ఈ పనిలోకి వచ్చాను, అప్పటికి మా అమ్మాయికి ఐదేళ్లు, బాబు ఇంకా పుట్టలేదు. నేను అడిగేది ఒక్కటే, కానీ అదెందుకో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

మా పాప గౌను బొత్తాలు పెట్టుకోవడం వారంలో నేర్చుకుంది. అదే వయసున్న మా సెంటర్ పిల్లాడికి రెండేళ్లు పట్టింది. ముందు పెద్ద బొత్తాం, వదులు కాజా, సగం నేను దూర్చి మిగతా సగం వాడి చేత లాగించడం, ఇలా ఒక్క పనిని పది ముక్కలు చేసి రోజూ చేయించాలి. వాడంతట వాడు పెట్టుకున్న రోజు వాళ్లమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే మా పాప "నేను పెట్టుకున్నప్పుడు ఏడవలేదేంటమ్మా" అంది. దగ్గరికి తీసుకున్నాను, అంతే.

మా దగ్గర ఇద్దరు టీచర్లు ఉండాలి. రెండో పోస్టు చాలా ఏళ్లుగా ఖాళీ. మా బాబుకి డెంగీ వచ్చినప్పుడు పదిహేను రోజులు హాస్పిటల్లో వాడి పక్కనే ఉన్నాను, సెంటర్‌కి తాళం. ఆ నెల ముందే ఒక పాప బాత్రూంకి వెళ్లాలని చేత్తో సైగ చేయడం నేర్చుకుంది, ఆరు నెలల కష్టం అది. నేను తిరిగి వెళ్లేసరికి సైగ మర్చిపోయింది, మళ్లీ బట్టల్లోనే. వాళ్లమ్మ నన్నొక్క మాట అనలేదు, "మీ బాబుకి ఎలా ఉంది మేడం" అని అడిగింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలు లెక్కలోకి వచ్చారు, చాలా మంచి పని. 2021లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, 2022లో కేంద్రం ప్రైమరీలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలంది. మా రిజిస్టర్‌లో 34 మంది ఉన్నారు. వాళ్లలో ఆరుగురు మంచం దిగలేరు, శనివారం ఆటో పట్టుకుని వాళ్ల ఇళ్లకే వెళ్తాను. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆ శనివారాల్లో చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని, వాళ్లకు అన్నం పెట్టింది మా అత్తగారే. ఆవిడ లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేదాన్ని. అందరి ఇళ్లలో అలాంటి అత్తగారు ఉండరు కదండీ, నాతో ట్రైనింగ్ అయినవాళ్లు ఎంతమంది మానేశారో నాకు తెలుసు.

కొత్త బిల్డింగ్ అడగట్లేదు, టాబ్‌లు అడగట్లేదు. ఆ ఖాళీలో ఒక మనిషిని వేయండి, కాంట్రాక్టు మీద కాకుండా రెగ్యులర్‌గా, రేపు ఉంటామో లేదో అన్న టెన్షన్ లేకుండా పనిచేసుకునేలా.

వచ్చే నెల మా అమ్మాయి పురిటికి వస్తోంది. రెండు నెలలు దాని దగ్గర ఉండాలని ఉంది. ఈసారి తాళం ఎవరి చేతిలో పెట్టి వెళ్లాలో చెప్పండి.

ఇట్లు,
ఒక భవిత టీచర్