కట్టడాలు, నది, వెలుగు: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పెట్టుకున్న పని ఒక్కటే. నగరంలో అందరూ గుర్తుపట్టే కట్టడాలనూ వాటి పక్కన పారే నదినీ వెలుగుతో తయారుచేయడం. క్లాక్ టవర్‌ను చెక్కిన ఆక్రిలిక్ పలకగా, గుమ్మటాన్ని వెదురూ కాగితంతో, వంతెనను ఎల్‌ఈడీ స్ట్రిప్‌తో చేశాం. నాలుగోది నది. కష్టమంతా నది దగ్గరే ఉంది కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే పోయింది. జమాఖర్చుల పట్టిక విడిగా అందుతుంది. కొత్తగా చేరే సభ్యులు ఇది చదివి నేరుగా పనిలోకి దిగగలిగేలా కొలతలతో సహా రాస్తున్నాం.

కట్టడం ఎంపిక

ఫొటోలో అందంగా కనిపించే కట్టడం వెలుగులో అలాగే కనిపిస్తుందని లేదు. ఎంచుకున్న కట్టడం బొమ్మను పూర్తిగా నల్లని నీడగా మార్చి, బొటనవేలి గోరంత చేసి, విషయం తెలియని మనిషికి చూపించాలి. అతను పేరు చెప్పగలిగితేనే ముందుకెళ్లాలి. కిటికీలు, శిల్పాలు, గోడల రంగు పగటి అందాలు. రాత్రిపూట దూరం నుంచి చూస్తే మిగిలేది అంచు గీత ఒక్కటే. వంతెనకు కమానులు ఇరవై ఉంటే ఆరు చేసినా ఫరవాలేదు. కమాను ఎత్తుకూ స్తంభాల మధ్య దూరానికీ ఉన్న నిష్పత్తిని మాత్రం కదపకూడదు. అది మారితే అది వేరే ఊరి వంతెన అయిపోతుంది.

క్లాక్ టవర్: చెక్కిన పలక

పలక 6 మి.మీ. మందం, అంచున స్ట్రిప్, వెనకవైపు చెక్కుడు. వెలుగు అంచులోంచి లోపలికి వెళ్లి, రెండు ముఖాల మధ్య తగిలి తగిలి ప్రయాణిస్తుంది. చెక్కిన చోట మాత్రమే బయటపడుతుంది. షీట్ కొనేటప్పుడు పోతపోసిన (కాస్ట్) ఆక్రిలిక్ అని అడిగి తీసుకోవాలి. అచ్చులోంచి తోసి తీసిన (ఎక్స్‌ట్రూడెడ్) రకం మీద లేజర్‌తో చెక్కితే గీత పారదర్శకంగానే ఉండిపోతుంది, వెలగదు. పోతపోసిన రకం మీద గీత తెల్లగా, మంచు పట్టినట్టు వస్తుంది.

స్ట్రిప్‌కు దూరమయ్యేకొద్దీ పలకలో వెలుగు తరిగిపోతుంది. అందుకని కింది అంచు దగ్గర గీతలు పలచగా, పైకి వెళ్లేకొద్దీ లోతుగా, దగ్గరదగ్గరగా చెక్కాలి. అన్నీ ఒకే లోతులో చెక్కితే టవర్ పాదం మరీ వెలిగిపోతుంది, గడియారం ముఖం కనిపించదు. వెలుగు లోపలికి వెళ్లే అంచును 400 నుంచి మొదలుపెట్టి 2000 నంబరు దాకా నీళ్ల గరుకు కాగితంతో రుద్ది మెరుగుపెట్టాలి. రంపపు గాట్లు మిగిలితే వెలుగు అక్కడే చెదిరిపోతుంది.

గుమ్మటం: వెదురు, కాగితం

వెదురు బద్దలు 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉంటే చాలు. రాత్రంతా నానబెట్టి, తడిగా ఉండగానే వంచి కట్టి, ఆరనివ్వాలి. కీళ్ల దగ్గర దారం చుట్టి జిగురు పూయాలి. వేడి జిగురు ఒక్కదాన్నే నమ్మకూడదు, ఎండకు మెత్తబడి కీలు జారిపోతుంది. కాగితం తడిసినా చిరగని టిష్యూ రకం కావాలి. తెల్ల జిగురూ నీళ్లూ సమపాళ్లలో కలిపి, కాగితానికి రెండు వైపులా పట్టించి అతకాలి.

ఆరేటప్పుడు కాగితం బిగుసుకుంటుంది. ఒక పక్కంతా అతికించి రెండో పక్కకు వెళితే ఆ బిగువుకు చట్రం మెలితిరుగుతుంది. ఒక గడి ఇటు, దానికి ఎదురుగా ఉన్న గడి అటు అతుక్కుంటూ పోవాలి. లోపల స్ట్రిప్‌ను బద్దలకు అంటించకుండా నడిమి కర్రకు చుట్టాలి. అప్పుడు బద్దలు కాగితం మీద సన్నని నల్లని గీతలుగా కనిపించి గుమ్మటం గుండ్రదనం తెలుస్తుంది.

వంతెన: కరెంటు లెక్క

ఈ ఏడాది ఎక్కువమంది సభ్యులు ఇబ్బంది పడింది ఇక్కడే. ఒక్కోదాని రంగునూ ప్రోగ్రాంతో విడిగా మార్చగల డబ్ల్యూఎస్2812బి రకం ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో ఒక్కొక్కటి సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మీటరుకు 60 చొప్పున 5 మీటర్లకు 300. అంటే 18 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 90 వాట్లు. ఒక చివర నుంచే కరెంటు ఇస్తే రెండో చివర తెలుపు కాస్తా నారింజ రంగులోకి తిరుగుతుంది. ఎరుపుకు 2 వోల్టులు చాలు, నీలానికీ ఆకుపచ్చకూ 3 దాకా కావాలి. వోల్టేజీ పడిపోగానే ముందు నీలం తగ్గుతుంది, ఎరుపు మిగులుతుంది. దీనికి ప్రోగ్రాంలో రంగు దిద్దడం మందు కాదు. రెండు చివరలా, మధ్యలో ప్రతి రెండున్నర మీటర్లకూ కరెంటు వైర్లు కలపాలి. కలిపిన ప్రతి వైరుకూ విడిగా ఫ్యూజు ఉండాలి.

పవర్ సప్లై దూరంగా ఉంటే 5 వోల్టులు వద్దు. లెక్క చూడండి: 50 వాట్ల విద్యుత్తును 2.5 చదరపు మి.మీ. రాగి వైరుతో 10 మీటర్ల దూరం పంపితే, 5 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు పారాలి. రానూ పోనూ వైరులోనే సుమారు ఒకటిన్నర వోల్టులు పోతాయి. అదే 12 వోల్టులైతే పోయేది 0.6, అంటే 5 శాతం. 24 వోల్టులైతే ఒక శాతం చిల్లర. ఆరుబయట వంతెనకు 12 వోల్టుల డబ్ల్యూఎస్2815 వాడాలన్నది సంఘం అభిప్రాయం. దానికి రెండో డేటా వైరు (ఏ ఎల్‌ఈడీ ఎలా వెలగాలో చెప్పే సంకేతం మోసేది) ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక ఎల్‌ఈడీ పోయినా మిగతా వరస ఆరిపోదు.

బల్ల మీద చక్కగా వెలిగిన స్ట్రిప్ వంతెన మీద బిగించగానే మినుకుమినుకుమంటే చాలామంది ప్రోగ్రాంను అనుమానిస్తారు. తప్పు సాధారణంగా డేటా వైరుదే. ప్రోగ్రాంను నడిపే చిన్న ఈఎస్‌పీ32 బోర్డు 3.3 వోల్టుల సంకేతం పంపుతుంది. 5 వోల్టుల మీద నడిచే ఎల్‌ఈడీ కనీసం 3.5 ఆశిస్తుంది. చిన్న వైరులో నెట్టుకొస్తుంది, పొడవు పెరిగితే చేతులెత్తేస్తుంది. మధ్యలో సంకేతాన్ని 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్పు పెట్టి, డేటా వైరులో 330 ఓముల రెసిస్టర్ చేర్చాలి. బోర్డు గ్రౌండూ (నెగటివ్ వైరు) పవర్ సప్లై గ్రౌండూ తప్పకుండా కలిసి ఉండాలి.

నది

చరిత్రలో వెలుగూ నదీ కలిసిన సందర్భాలను చదువు సమావేశాల్లో పరిశీలించాం. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో సాన్ నది వరద వల్ల వాయిదాపడిన విగ్రహావిష్కరణ 1852 డిసెంబరు 8న జరిగింది. ఆ రాత్రి జనం కిటికీల్లో పెట్టిన దీపాలే అక్కడి నేటి దీపోత్సవానికి మూలం. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి మీద 2013లో కళాకారుడు లియో విల్లారియల్ 25,000 ఎల్‌ఈడీలు అమర్చారు. అన్నీ తెల్లవే. నీళ్లు, మంచు, వాహనాల కదలికల నుంచి తీసుకున్న లయ అంతా ప్రోగ్రాంలోనే ఉంది. గాలికీ ఉప్పు తేమకూ పరికరాలు దెబ్బతినడంతో 2023 మార్చిలో ఆపేయాల్సి వచ్చింది.

నది అనగానే నీలం స్ట్రిప్ వేసి, వెలుగును ఎడమ నుంచి కుడికి పరిగెత్తించాలనిపిస్తుంది. అలా చేసింది నదిలా ఉండదు, దుకాణం బోర్డులా ఉంటుంది. రాత్రి ఒడ్డున నిలబడి ఒక్క దీపం ప్రతిబింబాన్నే చూడండి. నీళ్లు నల్లగా ఉంటాయి. దీపం కింద మొదలైన వెలుగు చార మనవైపు పొడుగ్గా సాగి వస్తుంది. ఆవలి ఒడ్డు దగ్గర చిక్కగా, దాదాపు తెగకుండా ఉంటుంది. దగ్గరికొచ్చేకొద్దీ అలలు దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తాయి, ముక్కల మధ్య నలుపు పెరుగుతుంది. నీళ్లు పక్కకు పారిపోతున్నా చార మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నదికి సొంత వెలుగు లేదు. ఒడ్డున ఉన్నదాన్ని అది విరిచి చూపిస్తుంది. మన నదిని ఈ ఒక్క సూత్రం మీదే కట్టాం.

కట్టడాల కింద, చూసేవారి వైపు చాచినట్టుగా ఒక నల్లని పళ్లెం. అందులో ప్రతి పెద్ద దీపానికీ ఎదురుగా మీటరు పొడవు స్ట్రిప్. పైన 4 సెం.మీ. ఎత్తులో గాడులు గాడులుగా ఉండే పారదర్శక పాలికార్బొనేట్ షీట్. ఈ గాడులు స్ట్రిప్‌కు అడ్డంగా రావాలి. అప్పుడు ఒక్కో చుక్కా చార పొడవునా సాగుతుంది. షీట్‌ను తొంభై డిగ్రీలు తిప్పి బిగిస్తే వెలుగు పక్కలకు పరుచుకుని చార కాస్తా వెడల్పాటి పట్టీ అవుతుంది. మేకులు కొట్టేముందే ఒకసారి వెలిగించి చూసుకోవాలి.

ప్రోగ్రాంలో చార రంగు దానికెదురుగా ఉన్న కట్టడం రంగు నుంచే రావాలి. దాని మీద రెండు అలలు (వెలుగు హెచ్చుతగ్గులు) వేస్తాం, ఒకటి 14 ఎల్‌ఈడీల పొడవుది, ఇంకొకటి 9. రెండింటి వేగాలూ వేరు. ఆవలి చివర వెలుగు తగ్గుదల 20 శాతమే ఉండాలి, ఇవతలి చివర 90 దాకా పోవచ్చు. పక్కపక్క చారల మధ్య అల రెండు మూడు ఎల్‌ఈడీలంత జరిగి ఉండాలి. అన్నీ ఒకేసారి కదిలితే కవాతులా ఉంటుంది. దేనికది విడిగా కదిలితే లూజు కనెక్షన్ అనుకుంటారు. ప్రవాహం తెలియాలంటే ఈ జరుగుదలను చాలా నెమ్మదిగా ఒకే దిక్కుకు మారుస్తూ పోవాలి. చూసేవారికి కారణం తెలియకపోయినా నీళ్లు ఎటు పోతున్నాయో తెలుస్తుంది.

మసక వెలుగులో చార మెట్లుమెట్లుగా మారడం అందరికీ ఎదురయ్యే చిక్కు. ఎల్‌ఈడీ వెలుగుకున్న 255 మెట్లలో 200 నుంచి 201కి తేడా కంటికి ఆనదు. 1 నుంచి 2కు వెళితే వెలుగు రెట్టింపు. అందుకే 4 కంటే తక్కువ విలువలు వాడకుండా సున్నాకు దించేయడం మేలు. మిగతాది షీట్ చూసుకుంటుంది. ఒక్కో ఎల్‌ఈడీకి సమాచారం పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. ఒకే డేటా వైరు మీద 1000 పెడితే సెకనుకు 33 బొమ్మలకు మించి రావు. 300 దాటకుండా విడివిడి వైర్లకు పంచితే కదలిక నునుపుగా ఉంటుంది.

నీటి పక్కన పెట్టేటప్పుడు

ఇంటి కరెంటు ఒడ్డు దాకా వెళ్లకూడదు. పవర్ సప్లై ఎత్తులో, పొడి చోట, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) వెనక ఉండాలి. అక్కడి నుంచి 12 లేదా 24 వోల్టులే బయటికి రావాలి. ఈ విషయంలో ఏ సభ్యునికీ మినహాయింపు లేదు. పెట్టెలోకి వెళ్లే వైరు ముందు కిందికి వేలాడి తర్వాత పైకి లేవాలి, లేకపోతే వాన నీరు వైరు వెంబడే లోపలికి చేరుతుంది. నీళ్లు చొరని ఐపీ67 రకం స్ట్రిప్‌లోకి కూడా కోసిన చివర నుంచి తేమ పోతుంది. ఆ చివరలకు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయొద్దు, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి. పెట్టె అడుగున 5 మి.మీ. రంధ్రం వదలాలి. ఎంత మూసినా లోపల చెమ్మ పడుతుంది, అది పోవడానికి దారి కావాలి.

నది పక్కన మనకంటే ముందు నుంచీ ఉన్న ప్రాణులున్నాయి. నీలం కలిసిన తెల్ల వెలుగుకు పురుగులు ఎక్కువ వస్తాయి. అందుకని 2200 కెల్విన్ దగ్గరి పసుపు వెలుగే వాడాలి, స్ట్రిప్ నేరుగా నీళ్లను చూడకూడదు, అర్ధరాత్రికి ముందే ఆర్పేయాలి. నిగనిగలాడే నల్లని పలకతో ఇంకో ప్రమాదం ఉంది. నీటి మీద గుడ్లు పెట్టే మేఫ్లై వంటి కీటకాలు దాని మెరుపును నీటి మెరుపే అనుకుని అక్కడ గుడ్లు పెట్టి వృథా చేసుకుంటాయి. ఒడ్డున పెట్టే పళ్లేనికి లోపలా అంచులకూ మెరుపులేని నలుపే వేయాలి.

వచ్చే ఏడాదికి

కార్యవర్గం మూడు పనులు ప్రతిపాదిస్తోంది. ఆరుబయట ఉన్న 5 వోల్టుల స్ట్రిప్‌లన్నీ 12 వోల్టులకు మార్చడం. కాగితం గుమ్మటాలను విప్పి దాచగలిగేలా ఎనిమిది ముక్కలుగా చేయడం. వంతెన కింద నిజమైన నీటి మీద చారలు ఎలా పడతాయో వేసవిలోనూ వరద కాలంలోనూ వీడియో తీసి, ప్రోగ్రాంలోని అలల కొలతలను వాటితో సరిచూడటం. మూడోదానికి కెమెరా స్టాండు, మసక వెలుగులో పనిచేసే కెమెరా ఉన్న సభ్యులు ముందుకు రావాలి. సోల్డరింగ్ పరికరాలు తీసుకెళ్లిన వారు సర్వసభ్య సమావేశం లోపు తిరిగి ఇచ్చి రిజిస్టరులో సంతకం చేయగలరు.